రేవు వదిలే ముందు



హైదరాబాదులోనో బెంగుళూరులోనో ఉద్యోగం చేసే కొడుకో కూతురో మీ ఇంట్లో ఉంటే, వారి సంచిలో లాప్‌టాప్‌తో పాటు అరచేయంత నల్లని పెట్టె ఒకటి మీరు చూసే ఉంటారు. 2020లో కరోనా వచ్చి ఆఫీసులు మూతపడినప్పుడు పిల్లలు ఊళ్లకు తిరిగి వచ్చారు. చాలా ఇళ్లలో వసారాయే ఆఫీసు అయింది. వడ్ల బస్తాల పక్కన బల్ల వేసి, దానిమీద పెద్ద తెర, కీబోర్డు, మౌసు పెట్టుకుని పనిచేశారు. వాటన్నిటి తీగలూ ఆ నల్లని పెట్టెలోకే వెళ్తాయి. పెట్టెలో నుండి లాప్‌టాప్‌కు వచ్చేది మాత్రం ఒకే ఒక్క తీగ. కరెంటు, తెర మీది బొమ్మ, ఇంటర్నెట్, హార్డ్ డిస్క్, ప్రింటరు అన్నీ ఆ ఒక్క తీగలోనే నడుస్తాయి. ఆ పెట్టెనే డాకింగ్ స్టేషన్ అంటారు. పొట్టిగా డాక్.

డాక్ అంటే ఓడ ఆగే చోటు. విశాఖపట్నం, కాకినాడ వైపు వారికి ఈ మాట కొత్తది కాదు. ఓడ రేవుకు వచ్చి ఆగిందంటే తాళ్లు కడతారు, నిచ్చెన వేస్తారు, సరుకు ఎక్కించడం దించడం మొదలుపెడతారు. వెళ్లేటప్పుడు సరుకు పని ముగించి, నిచ్చెన తీసి, తాళ్లు విప్పి, అప్పుడు కదులుతారు. తాళ్లు ఉండగానే ఓడను కదిపే నావికుడు ఉండడు. లాప్‌టాప్ విషయంలో మాత్రం మనం ప్రతి సాయంత్రం చేసేది అదే. నేనూ చేశాను. అందువల్ల జరిగినది చెప్పాలనే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

మా సంఘంలో రిటైరైన ఉపాధ్యాయురాలు ఒకరుండేవారు. ఊరంతా ఆమెను టీచరమ్మగారనే పిలిచేవారు. ఆమె పుట్టిల్లు దివిసీమ. 1977 నవంబరు 19 నాటి ఉప్పెనను కళ్లారా చూసినవారు. ఆ రాత్రి సముద్రపు నీరు ఊళ్ల మీదికి వచ్చి వేలమందిని తీసుకుపోయిన సంగతి మన పెద్దలందరికీ తెలుసు. టీచరమ్మగారు చెప్పేది వేరుగా ఉండేది. ఏ ఇంట్లో ఎవరున్నారు, ఎవరు ఎవరి చెయ్యి పట్టుకున్నారు, తెల్లవారాక ఎవరు కనబడలేదు, ఇవన్నీ పేర్లతో సహా చెప్పేవారు. రాసుకున్న కాగితం ఏదీ లేదు. అంతా జ్ఞాపకమే. "ఈ పేర్లు నాతోనే పోతాయి బాబూ" అని ఒకనాడు అన్నారు. ఆ మాట విని, 2022 వేసవిలో వారానికి ఒక పూట వారింటికి వెళ్లి, ఆమె చెప్పింది నా ఫోనులో రికార్డు చేశాను. మొత్తం పద్నాలుగు రికార్డింగులు. కొన్నిటిలో నాట్ల పాటలు కూడా ఉన్నాయి.

ఫోనులో చోటు చాలక అవి మందిరం ఆఫీసులోని లాప్‌టాప్‌కు ఎక్కించి, ఫోనులోవి చెరిపేశాను. కొన్నాళ్లకు లాప్‌టాప్ కూడా నిండింది. డాక్‌కు తగిలించి ఉన్న హార్డ్ డిస్క్‌లోకి మార్చుదామని కూర్చున్నాను. ఇక్కడ నేను కాపీ అనలేదు, కట్ అన్నాను. కాపీ అంటే ఇక్కడా ఉంటుంది, అక్కడా ఉంటుంది. కట్ అంటే ఒక్కొక్క ఫైలు అక్కడికి చేరగానే ఇక్కడిది చెరిగిపోతుంది. సగానికి పైగా అయ్యాక ఫోను వచ్చింది. సంఘస్థులొకరిని ఆసుపత్రిలో చేర్చారట, వెంటనే రమ్మన్నారు. అక్కడ ఏవో కాగితాలు చూపించడానికి లాప్‌టాప్ కూడా కావాలన్నారు. మిగిలినది వచ్చాక చూసుకుందాంలే అనుకుని, తీగ ఊడబెరికి సంచిలో వేసుకుని బయలుదేరాను.

మరునాడు హార్డ్ డిస్క్ తగిలిస్తే ఫైళ్లు కనబడలేదు. బదులుగా తెరమీద ఒక ప్రశ్న వచ్చింది. ఈ డిస్క్‌ను వాడాలంటే ముందు ఫార్మాట్ చేయాలి, చేయమంటారా అని. కంప్యూటరు అడుగుతోంది కదా, సాయం చేస్తుందనుకుని సరే అన్నాను. ఆ తర్వాత క్రిస్మస్ కార్యక్రమాల వీడియోలు కూడా దానిలోకి ఎక్కించాను. ఊడబెరకడం మొదటి తప్పు. ఈ రెండవది దానికంటె పెద్ద తప్పు.

డిస్క్ లోపల ఏం జరుగుతుంది?

మన సంఘాల్లో బాప్తిస్మపు రిజిస్టరు, వివాహాల రిజిస్టరు ఉంటాయి కదా. ఐదు వందల పేజీల రిజిస్టరుకు ముందు ఒక సూచిక ఉందనుకోండి. ఫలానావారి వివరం 212వ పేజీలో ఉంది అని ఆ సూచిక చెబుతుంది. హార్డ్ డిస్క్ కూడా అలాంటిదే. ఫైలులోని సరుకు ఒకచోట, అది ఎక్కడుందో చెప్పే సూచిక మరొకచోట. ఒక ఫైలు ఎక్కించినప్పుడు కంప్యూటరు రెండూ రాయాలి. సరుకు రాసి సూచిక రాయకముందే తీగ లాగితే, పేజీలో సమాచారం ఉంటుంది గాని అది ఎక్కడుందో ఎవరికీ తెలియదు. సూచిక రాస్తూ ఉండగానే లాగితే ఇంకా చెడ్డది. అదివరకు ఉన్న పాత ఫైళ్ల జాడ కూడా చెడిపోవచ్చు. నా డిస్క్‌కు జరిగింది అదే.

ఇంకొక సంగతి ఉంది. పని త్వరగా అయినట్టు కనబడడానికి కంప్యూటరు కొంత సరుకును ముందు తన జ్ఞాపకంలో ఉంచుకుని, వీలు చూసుకుని డిస్క్ మీద రాస్తుంది. కిరాణా కొట్టు యజమాని రద్దీలో చిట్టీ మీద రాసుకుని, రాత్రి పద్దు పుస్తకంలోకి ఎక్కించినట్టన్నమాట. చిట్టీ చిరిగిపోతే పద్దు పోయినట్టే. 2018లో వచ్చిన విండోస్ 10 యొక్క 1809 అనే రూపం నుండి, బయట తగిలించే డిస్కులకు ఈ చిట్టీ పద్ధతిని తగ్గించి, వెంటనే తీసేందుకు వీలుగా అమర్చి ఇస్తున్నారు. అందుచేత "ఇప్పుడు అవన్నీ అక్కర్లేదు అంకుల్" అని కుర్రవాళ్లు అంటుంటారు. కొంతవరకు నిజమే. రాయడం పూర్తయ్యాక తీస్తే ప్రమాదం తక్కువ. రాస్తూ ఉండగా లాగితే మాత్రం ఏ అమరికా కాపాడదు. పైగా ఎవరి కంప్యూటరులో ఏ అమరిక ఉందో మనకేం తెలుసు?

వెనుకటి రోజుల్లో

డాక్‌లు కొత్తగా వచ్చిన రోజుల్లో ఈ విడదీయడం పెద్ద తంతుగా ఉండేది. 1992లో ఆపిల్ వారు పవర్‌బుక్ డుయో అనే చిన్న లాప్‌టాప్‌ను, దానికి డుయో డాక్ అనే పెట్టెను తెచ్చారు. వీసీఆర్‌లో క్యాసెట్ పెట్టినట్టు లాప్‌టాప్‌ను ఆ పెట్టె నోట్లో పెడితే, లోపలి మోటారు దాన్ని లాక్కునేది. 1995లో విండోస్ 95 వచ్చినప్పుడు, డాక్ మీద కూర్చోబెట్టిన లాప్‌టాప్‌ల స్టార్ట్ మెనూలో "ఈజెక్ట్ పీసీ" అని ప్రత్యేకంగా ఒక వరుస కనబడేది. తర్వాతి విండోస్‌లలో అదే "అన్‌డాక్" అయింది. అది నొక్కితే కంప్యూటరు అన్నిటినీ సర్దుకుని, ఇక తీయవచ్చు అని చెప్పేది.

ఆ పాతరకం డాక్‌లు ఇప్పటికీ కొన్ని ఆఫీసుల్లో ఉన్నాయి. సికింద్రాబాదు పార్క్ లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ వంటి కంప్యూటరు బజార్లలో వాడినవి అమ్ముతుంటారు. లాప్‌టాప్ అడుగున పొడవాటి సాకెట్ ఉంటుంది, దాన్ని డాక్ మీద కూర్చోబెట్టి నొక్కాలి. తీసేటప్పుడు ముందు మెనూలో అన్‌డాక్ అని చెప్పి, ఆ తర్వాత పక్కనున్న మీటనో బొత్తామునో నొక్కి, రెండు చేతులతో తిన్నగా పైకి ఎత్తాలి. ఒక పక్క మాత్రమే ఎత్తితే సాకెట్‌లోని సన్నని కాళ్లు వంగిపోతాయి. అవి వంగితే బాగుచేయడం కష్టం. ఒక మాదిరి లాప్‌టాప్‌కు చేసిన డాక్ మరొక మాదిరికి పట్టదు గనుక, చవగ్గా దొరికింది కదా అని కొనే ముందు మీ లాప్‌టాప్ చేతపట్టుకుని వెళ్లండి.

2014లో యూఎస్‌బీ-సి అనే సాకెట్ వచ్చింది. అండాకారంలో ఉండి, ఎటు తిప్పి పెట్టినా పట్టేది. ఇప్పటి డాక్‌లలో చాలావరకు దానితోనే పనిచేస్తాయి. థండర్‌బోల్ట్ అనే వేగమైన రకానికి కూడా అదే ఆకారం, పక్కన మెరుపు గుర్తు ఉంటుంది. తీగ ఒక్కటే అయింది. అలాగే "అన్‌డాక్" అనే ఆ వరుస కూడా మెనూలో నుండి మాయమైంది. అడిగేవారు లేరు గనుక చెప్పవలసిన పని లేదని అందరం అనుకున్నాం. లోపల జరిగే రాత పని మాత్రం ఏమీ మారలేదు.

తీసేటప్పుడు

ఇప్పుడు నేను చేసే పద్ధతి చెబుతాను. ముందు రాస్తున్నది సేవ్ చేస్తాను. హార్డ్ డిస్క్ మీదినుండి గాని పెన్‌డ్రైవ్ మీదినుండి గాని తెరిచిన ఫైళ్లను మూసేస్తాను. ప్రింటరు మధ్యలో ఉంటే ఆగుతాను. ఎవరితోనైనా వీడియోలో మాట్లాడుతుంటే ముగిస్తాను, ఎందుకంటే డాక్‌లోని తీగ ఇంటర్నెట్ పోయి వైఫై అందుకునే లోపల మాట తెగిపోవచ్చు.

తర్వాత తెర కింద కుడివైపు, గడియారం పక్కన, పైకి చూసే చిన్న బాణం గుర్తు ఉంటుంది. దాన్ని నొక్కితే చిన్న ప్లగ్గు బొమ్మ ఒకటి కనబడుతుంది. అక్కడ డిస్క్ పేరు పక్కన "ఈజెక్ట్" అని ఉంటుంది. నొక్కాలి. ఇక తీయవచ్చు అని మాట వస్తుంది. మాక్ కంప్యూటరులోనైతే డిస్క్ పేరు పక్కన త్రికోణం కింద గీత ఉన్న గుర్తు నొక్కాలి. డాక్‌కు ఎన్ని డిస్కులు తగిలించి ఉంటే అన్నిటికీ వేరువేరుగా చెప్పాలి. ఒక్కోసారి "ఈ పరికరం వాడుకలో ఉంది" అని కంప్యూటరు ఒప్పుకోదు. అంటే ఏదో ఒక ప్రోగ్రాము ఇంకా ఆ డిస్క్‌లో చెయ్యి పెట్టి ఉందన్నమాట. తెరిచినవన్నీ మూసి మళ్లీ అడగండి. అప్పటికీ ఒప్పుకోకపోతే కోపగించుకుని లాగకండి. కంప్యూటరును పూర్తిగా ఆపివేసి, తెరా దీపాలూ ఆరాక తీయండి. రెండు నిమిషాలు ఆలస్యమవుతుంది, అంతే.

చివరగా తీగ. ప్లగ్గును పట్టుకుని తిన్నగా వెనక్కి లాగాలి, తీగను పట్టుకుని గాని ఏటవాలుగా గాని కాదు. యూఎస్‌బీ-సి సాకెట్ మధ్యలో సన్నని నాలుక లాంటిది ఉంటుంది. అది విరిగితే, చాలా లాప్‌టాప్‌లలో చార్జింగ్ కూడా దానిగుండానే గనుక, మొత్తం యంత్రం మూలపడుతుంది.

లాప్‌టాప్ మూసిపెట్టి, పెద్ద తెర ఒక్కటే చూస్తూ పనిచేసేవారు ఇంకొకటి గమనించాలి. మూసి ఉన్నదాన్ని అలాగే తీసి సంచిలో వేస్తే, అది నిద్రపోయిందో లేదో మీకు తెలియదు. మెలకువగా ఉంటే సంచిలోనే వేడెక్కుతుంది, బస్సు దిగేసరికి బ్యాటరీ అయిపోతుంది. ముందు మూత తెరిచి, నిద్రపుచ్చో ఆపివేసో, ఆ తర్వాత సంచిలో వేసుకోండి.

కరెంటు పోయినప్పుడు

ఇది పట్నం వారు రాసే పుస్తకాల్లో పెద్దగా కనబడదు గాని, మన ఊళ్లకు ఇదే ముఖ్యం. లాప్‌టాప్‌కు బ్యాటరీ ఉంది గనుక కరెంటు పోయినా భయం లేదని మనందరి ధైర్యం. లాప్‌టాప్‌కు ఉంది, సరే. డాక్‌కు లేదు. మామూలుగా పెద్ద డాక్‌లు తమ అడాప్టరు మీదనే బతుకుతాయి. ఫ్యాను ఆగిన క్షణంలోనే డాక్ ఆగుతుంది. దానికి తగిలించిన హార్డ్ డిస్క్ కూడా ఆగుతుంది. లాప్‌టాప్ మాత్రం ఏమీ ఎరగనట్టు వెలుగుతూనే ఉంటుంది. ఎవరూ చెయ్యి వేయకుండానే తీగ ఊడబెరికినట్టు అవుతుంది. అడాప్టరు తగిలించిన చిన్న హబ్‌లలో కూడా, కరెంటు పోయి లాప్‌టాప్ బ్యాటరీ మీదికి మారే ఆ క్షణంలో డిస్క్ ఒకసారి తెగి మళ్లీ కలవడం నేను చూశాను.

అందుచేత ఇంట్లో ఇన్వర్టరు ఉంటే, డాక్ అడాప్టరును ఆ వైపు ప్లగ్గుకే పెట్టండి. టీవీ ఆగినా ఫరవాలేదు. కరెంటు పోగానే ఇన్వర్టరు అందుకునేలోపు డాక్ ఆగిపోతుంటే, కంప్యూటర్ల యూపీఎస్ వాడండి, అది ఇంకా త్వరగా అందుకుంటుంది. రెండూ లేనివారు, ముఖ్యమైన ఫైళ్లు ఎక్కించేటప్పుడు హార్డ్ డిస్క్‌ను డాక్‌కు కాక నేరుగా లాప్‌టాప్‌కే తగిలించండి. లాప్‌టాప్ బ్యాటరీ ఉన్నంతసేపూ డిస్క్‌కూ ఊపిరి ఉంటుంది. నేను ఇప్పుడు చేస్తున్నది ఇదే. డాక్‌కు కంపెనీ వారు అప్పుడప్పుడు ఇచ్చే లోపలి ప్రోగ్రాము మార్పులు, ఫర్మ్‌వేర్ అప్‌డేట్ అంటారు, వాటిని గాలివాన రోజున పెట్టుకోకండి. ఆ మధ్యలో కరెంటు పోతే డాక్ మళ్లీ లేవకపోవచ్చు.

అడాప్టర్ల సంగతి ఒక్క మాట. పాత గుండ్రటి పిన్ను అడాప్టర్లలో కొన్ని 19.5 వోల్టులు, కొన్ని 20, చిన్న పెట్టెలవి 12 కూడా ఉంటాయి. పిన్ను పట్టింది కదా అని ఒకదానిది ఒకదానికి పెట్టకండి. వెనుక చీటీ మీద అంకె చూసుకోండి.

పోయిన తర్వాత

టీచరమ్మగారు 2023లో ప్రభునందు నిద్రించారు. జ్ఞాపకార్థ కూడికలో ఆమె గొంతు వినిపించమని కుటుంబం వారు అడిగారు. అప్పటికి నేను ఆ డిస్క్‌ను పట్నంలో డేటా తిరిగి తీసేవారి దగ్గరకు పట్టుకెళ్లి వచ్చి ఉన్నాను. అతను చెప్పింది సూటిగా ఉంది. "అయ్యగారూ, ఊడబెరికిన రోజునే తెచ్చి ఉంటే దాదాపు అన్నీ ఇచ్చేవాడిని. ఫార్మాట్ చేసినా వెంటనే తెస్తే చాలావరకు ఇచ్చేవాడిని. మీరు దానిమీద వీడియోలు ఎక్కించారు." ఫార్మాట్ చేస్తే సూచిక పోతుంది, పేజీలు ఉంటాయి. ఆ పేజీల మీద మళ్లీ రాస్తే ఇక ఎవరూ చదవలేరు. లాప్‌టాప్‌లో చెరిగినవాటిని తీయగలరా అని అడిగాను. అందులో ఉన్నది ఎస్ఎస్‌డీ అనే కొత్తరకం డిస్క్. దానిలో చెరిపిన చోటును అది తనంతట తానే శుభ్రం చేసుకుంటుందట. అక్కడా లేదు.

పద్నాలుగింటిలో ఆరు దొరికాయి. నాట్ల పాటలు రెండూ వచ్చాయి. దివిసీమలోని వాళ్ల వీధి గూర్చి చెప్పినది వచ్చింది. ఆ రాత్రి పేర్లు చెప్పిన రెండు రికార్డింగుల్లో ఒకటి రాలేదు, రెండవది మధ్యలో ఆగిపోతుంది. వారి పెద్దబ్బాయికి జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆయన చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "ఉన్నవే వినిపించండి అయ్యగారూ" అన్నారు. వినిపించాము.

కనుక ఎప్పుడైనా పొరపాటున తీగ లాగి, డిస్క్ తెరుచుకోకపోతే, ఫార్మాట్ చేయమంటారా అన్న ప్రశ్నకు వద్దు అని చెప్పండి. ఆ డిస్క్ మీద ఇంకేమీ రాయకండి. దాన్ని తీసి పక్కన పెట్టి, తెలిసినవారి దగ్గరకు పట్టుకెళ్లండి. ఆఫీసు లాప్‌టాప్ అయితే పిల్లలు తమ ఆఫీసు వారినే అడగాలి. తల్లిదండ్రులు, తాతముత్తాతల ఫోటోలు, గొంతులు వంటివి కట్ చేయకండి, కాపీ చేయండి. కాపీ అయ్యాక రెండవచోట ఒకటి రెండు తెరిచి చూడండి. చూశాకనే మొదటిచోట చెరపండి. వీలైతే అప్పుడు కూడా చెరపకండి.

మా ఆఫీసులో డాక్ మీద ఇప్పుడు ఒక కాగితం అంటించి ఉంది. "డిస్క్ దీపం చూడు" అని దానిమీద రాసింది టీచరమ్మగారి మనుమడు. ఇంటర్ చదువుతున్నాడు. ఆ మిగిలిన ఆరు రికార్డింగులూ రెండు డిస్కుల్లోకి ఎక్కించి, వాటిలో వినబడిన పేర్లన్నీ ఒక నోటుబుక్కులో రాసింది కూడా అతనే. టీచరమ్మగారి చెల్లెలు ఇంకా దివిసీమలోనే ఉన్నారు. నాయనమ్మ చెప్పిన పేర్లలో ఆమెకు ఎన్ని జ్ఞాపకం ఉన్నాయో అడిగి రాసుకుందామని వచ్చే శనివారం మేమిద్దరం బయలుదేరుతున్నాం. ఫోనులో చోటు ఖాళీ చేసి పెట్టుకున్నాను. నోటుబుక్కు అతను తెస్తానన్నాడు.